ఇంటి వెదర్ స్టేషన్‌తో వేసవి వేడిని నమ్మకంగా కొలవడం ఎలా

ఎండలు ముదిరాయంటే చాలు, వెదర్ స్టేషన్ ఉన్న ప్రతి ఒక్కరి ఫోన్ నుంచీ స్క్రీన్‌షాట్లు బయటికొస్తాయి. ఒకరిది 44 చూపిస్తుంది, పక్క వీధిలో వాళ్ళది 49 చూపిస్తుంది, ఎవరిది ఎక్కువుంటే వాళ్ళదే నలుగురికీ షేర్ అవుతుంది. పక్కపక్క వీధుల్లో మిట్టమధ్యాహ్నం గాలికి 5 డిగ్రీల తేడా రావడం దాదాపు జరగని పని, కాబట్టి ఆ రెండిట్లో ఒకటి గాలి వేడిని వదిలేసి ప్లాస్టిక్ డబ్బా వేడిని చూపిస్తోందని అర్థం. స్టేషన్ కొనడం తేలికే, బాక్సు విప్పి బిగించడం కూడా ఓ పూట పని. కానీ వచ్చే నంబర్‌ని ముందు మనమే నమ్మేలా, పదేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్కున్నా పనికొచ్చేలా కొలవాలంటే కొంచెం ఓపిక కావాలి. ఆ ఓపిక ఎక్కడెక్కడ పెట్టాలో చెప్తాను.

మొదట తేల్చుకోవాల్సింది మనం ఏం కొలుస్తున్నాం అనేది. వాతావరణ శాఖలు ప్రకటించే టెంపరేచర్ అంటే గాలి టెంపరేచర్, అది కూడా నీడలో, గాలి బాగా ఆడే చోట, నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో తీసుకున్నది. ఇది ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన పద్ధతి, అందుకే ఒక దేశం లెక్కని ఇంకో దేశం లెక్కతో పోల్చగలుగుతున్నాం. ఎండలో పార్క్ చేసిన కార్ డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే 52, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రోడ్డు మీద కొడితే వచ్చే 60, ఇవి అబద్ధాలేం కావు, కాకపోతే అవి వేరే వస్తువుల వేడి, వాటిని గాలి టెంపరేచర్ పక్కన పెట్టకూడదు. ఎండలో పెట్టిన థర్మామీటర్ తన ఒంటి మీద పడ్డ ఎండకి తనే కాలిపోయి ఆ సంగతి మనకి చెప్తుంది, గాలి గురించి దానికి తెలిసేది తక్కువ. ఈ గొడవ లేకుండా ఉండాలనే 1860ల్లో థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండ్ లైట్‌హౌస్ ఇంజినీర్ తెల్లరంగు వేసిన చెక్క పెట్టె తయారు చేశాడు, దానికి చుట్టూ ఏటవాలు పట్టీలు ఉంటాయి, ఎండ లోపలికి రాదు, గాలి మాత్రం వచ్చి పోతుంది. మన స్టేషన్లకి ఉండే తెల్ల ప్లేట్ల షీల్డ్ ఆ పెట్టెకి మనవడు లాంటిది.

నంబర్ పెద్దగా ఉన్నప్పుడు ఎందుకు అనుమానించాలో చెప్పడానికి లిబియా కథ కంటే మంచిది లేదు. 1922 సెప్టెంబర్ 13న అక్కడి అల్ అజీజియాలో 58 డిగ్రీలు నమోదైందని రాశారు, అప్పట్నుంచీ భూమ్మీద అత్యధిక టెంపరేచర్ అంటే అదే అని పుస్తకాల్లో వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ ఒక కమిటీ వేసి ఆనాటి రికార్డు షీట్ దగ్గర్నుంచి అన్నీ తిరగేసింది. 2012లో తేలింది ఏంటంటే, రీడింగ్ తీసుకున్నది అనుభవం లేని మనిషి అయ్యుండాలి, వాడింది సిక్స్ రకం మ్యాక్స్-మిన్ థర్మామీటర్ (రోజులో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ పట్టి ఉంచేది), దాని గొట్టంలో చిన్న సూచిక ఒకటి పైకి జరిగి ఆగిపోతుంది, దాని కింది కొస దగ్గర చదవాలి, పై కొస దగ్గర చదివితే దాదాపు 7 డిగ్రీలు ఎక్కువొస్తుంది. పైగా స్టేషన్ పెట్టిన నేల కూడా తారు లాంటి నల్లటి నేల, చుట్టుపక్కల స్టేషన్ల లెక్కతోనూ అది కలవలేదు. అలా సరిగ్గా 90 ఏళ్ళకి ఆ రికార్డు కొట్టేశారు, ఇప్పుడు అధికారికంగా ఉన్నది 1913 జూలై 10న కాలిఫోర్నియా డెత్ వ్యాలీలో నమోదైన 56.7. పరికరం, మనిషి, చోటు, పక్క స్టేషన్లు, ఈ నాలుగే మన ఇంటి స్టేషన్‌కి కూడా పరీక్ష.

చోటు

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ వచ్చేది ఇక్కడే, కాబట్టి మోడల్ గురించి రివ్యూలు చదివే టైమ్‌లో సగం చోటు వెతకడానికి పెట్టండి. ప్రపంచ వాతావరణ సంస్థ స్టేషన్ చోట్లని 1 నుంచి 5 క్లాసులుగా విడగొట్టింది. క్లాస్ 1 కావాలంటే చదునైన నేల, 10 సెంటీమీటర్లకి మించని గడ్డి, 100 మీటర్ల లోపు వేడి పుట్టించే కట్టడాలూ నీళ్ళూ ఉండకూడదు. ఇది ఇళ్ళల్లో అయ్యే పని కాదు. క్లాస్ 4 అయితే చోటు వల్లే 2 డిగ్రీల దాకా తప్పు రావొచ్చని, క్లాస్ 5 అయితే 5 డిగ్రీల దాకా రావొచ్చని వాళ్ళే చెప్తారు. ఊళ్ళ మధ్యలో ఉండే ఇళ్ళు చాలా వరకు ఈ రెండిట్లోకే వస్తాయి. దానికి నిరుత్సాహపడక్కర్లేదు, మన స్టేషన్ ఏ క్లాసో నిజాయితీగా ఒప్పుకుని పక్కన రాసి పెట్టుకుంటే ఆ డేటాకి విలువ ఉంటుంది, మనం ఉండేది కూడా ఆ వేడిలోనే కదా.

పెరడు ఉంటే గోడకి వీలైనంత దూరంగా, మట్టి మీదో గడ్డి మీదో, ఒక పైపు పాతి దానికి మనిషి గుండె ఎత్తు నుంచి తల ఎత్తు లోపు సెన్సర్ కట్టండి. చెట్టు కింద పెట్టొద్దు, నీడ మంచిదే అనిపిస్తుంది కానీ ఆకుల కింద గాలి ఆగిపోతుంది, తేమ ఎక్కువ ఉంటుంది, ఆ రీడింగ్ ఆ చెట్టుకే సొంతం. పడమటి గోడ దగ్గర అస్సలు వద్దు, మధ్యాహ్నమంతా ఎండ తాగిన గోడ రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, వాటర్ ట్యాంక్, జనరేటర్, బైకులు పెట్టే చోటు, ఇవన్నీ చూస్కోండి.

డాబా మీద తప్ప వేరే దారి లేనివాళ్ళే ఎక్కువ, వాళ్ళకి చెప్పేది ఏంటంటే కాంక్రీట్ స్లాబ్ మీద ఎత్తు తగ్గే కొద్దీ తప్పు పెరుగుతుంది, కాబట్టి స్లాబ్ నుంచి కనీసం 2 మీటర్ల పైన, పిట్టగోడ మూలకి కాకుండా గాలి అటూ ఇటూ ఆడే వైపు పెట్టండి. స్లాబ్‌కి వైట్ కూల్ పెయింట్ వేయించిన ఇల్లయితే ఇంకో చిక్కుంది, ఆ తెలుపు ఎండని పైకి కొట్టి షీల్డ్ అడుగు నుంచి లోపలికి పంపిస్తుంది, అలాంటి చోట షీల్డ్ అడుగున ఒక ప్లేట్ అదనంగా, లోపలి వైపు నల్లగా ఉండేది కడితే కొంత నయం. బాల్కనీలో పెడితే మాత్రం అది బాల్కనీ టెంపరేచర్, దాన్ని ఊరి టెంపరేచర్ అని షేర్ చెయ్యొద్దు. ఇంట్లో మనుషులు ఎంత వేడిలో ఉంటున్నారో తెలుస్తుంది, అదీ అవసరమే, పేరు సరిగ్గా పెడితే చాలు.

ఒకే కర్రకి గాలి చక్రం, వాన డబ్బా, టెంపరేచర్ అన్నీ కలిపి వచ్చే ఆల్-ఇన్-వన్ స్టేషన్లతో ఒక ఇబ్బంది ఉంది. గాలి వేగం కొలవాలంటే 10 మీటర్ల ఎత్తు కావాలి, టెంపరేచర్‌కేమో 2 మీటర్ల లోపు కావాలి, రెండూ ఒక కర్ర మీద కుదరవు. వేసవి వేడే ముఖ్యం అనుకుంటే గాలి సంగతి వదిలేసి స్టేషన్‌ని కిందికి దించండి, లేదా టెంపరేచర్, హ్యుమిడిటీకి విడిగా ఇంకో సెన్సర్ కొని మంచి షీల్డ్‌లో పెట్టండి, చాలా కంపెనీల స్టేషన్లు అదనపు సెన్సర్‌ని తీసుకుంటాయి.

షీల్డ్ మోసం చేస్తోందా?

మామూలు ప్లేట్ల షీల్డ్ గాలి మీద ఆధారపడి పనిచేస్తుంది. గాలి సెకనుకి 2, 3 మీటర్లు వీస్తుంటే దాని పని బావుంటుంది, ఆకు కదలని మధ్యాహ్నం అయితే ప్లేట్ల మధ్య గాలి ఇరుక్కుపోయి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, చవక రకాల్లో ఇంకా ఎక్కువ. బాధేంటంటే వడగాడ్పు రోజుల్లో గాలి ఆగిపోయే ఆ గంటలే మనకి ముఖ్యం. అందుకే లోపల చిన్న ఫ్యాన్ పెట్టి గాలిని లాగే షీల్డ్‌లు వచ్చాయి, బడ్జెట్ ఉంటే డబ్బు పెట్టాల్సింది డిస్‌ప్లే మీదా రంగురంగుల యాప్ మీదా కాకుండా ఇక్కడ పెట్టాలని నేను గట్టిగా చెప్తాను. అయితే ఆ ఫ్యాన్ ఆగిపోయిన రోజు ఆ షీల్డ్ మామూలు దానికంటే అధ్వాన్నం, వారానికోసారి చెవి దగ్గర పెట్టి తిరుగుతోందో లేదో వినండి.

మీ షీల్డ్ సంగతి తెలుస్కోవడానికి గ్రాఫ్ చాలు. ఎండ బాగా ఉన్న రోజు 5 నిమిషాలకోసారి తీసిన రీడింగుల గ్రాఫ్ తెరిచి పొద్దున ఆరు నుంచి పది మధ్య చూడండి. మంచి చోట ఉన్న స్టేషన్ అయితే గీత ఏటవాలుగా, సాఫీగా పైకెక్కుతుంది. అలా కాకుండా 7:20కి హఠాత్తుగా నిలువుగా లేచి, ఓ అరగంటలో 4 డిగ్రీలు ఎక్కి, 8 గంటలకి మళ్ళీ 2 డిగ్రీలు దిగి, అప్పుడు మామూలుగా ఎక్కుతోందనుకోండి, మర్నాడు కూడా అదే టైమ్‌కి అదే ముద్ద కనపడితే ఇంకేం అక్కర్లేదు, రెండు బిల్డింగుల సందులోంచో పిట్టగోడ మీంచో ఆ టైమ్‌కి ఎండ నేరుగా సెన్సర్ మీద పడుతోంది. ఆ టైమ్‌కి వెళ్ళి నిలబడి చూడండి, కళ్ళకి కనిపిస్తుంది. సాయంత్రం పూట కూడా ఇదే, ఎండ పక్కనుంచి వచ్చేటప్పుడు ప్లేట్ల సందులోంచి లోపలికి దూరుతుంది.

రెండో పరీక్ష మబ్బుతో. గాలి లేని మధ్యాహ్నం ఒక మబ్బు తునక సూర్యుడికి అడ్డమొచ్చినప్పుడు రెండు మూడు నిమిషాల్లోనే రీడింగ్ 2 డిగ్రీలు పడిపోయి, మబ్బు తప్పుకోగానే మళ్ళీ అంతా ఎక్కేస్తే అందులో ఎక్కువ భాగం షీల్డ్ వేడే, గాలి అంత తొందరగా చల్లబడదు. మూడోది, టెంపరేచర్ గ్రాఫ్ కింద గాలి వేగం గ్రాఫ్ పెట్టుకోండి, గాలి ఆగినప్పుడల్లా టెంపరేచర్ ఎగురుతోంటే మీకు జవాబు దొరికినట్టే.

సెన్సర్, దాని లెక్క సరిచూడటం

సొంతంగా చేస్కునేవాళ్ళకి మార్కెట్లో దొరికే చిప్పుల్లో డీహెచ్‌టీ22, డీఎస్18బీ20 రెండూ అరడిగ్రీ అటూ ఇటూ అని చెప్తాయి, ఎస్‌హెచ్‌టీ31 అయితే 0.2 డిగ్రీ. నేనైతే ఎస్‌హెచ్‌టీ31 తీస్కోమంటాను, తేమ కూడా అదే కొలుస్తుంది. బీఎంఈ280 చాలామంది వాడతారు, ప్రెషర్‌కి అది చాలా మంచిది, టెంపరేచర్‌కి మాత్రం దాని సొంత వేడి కొంచెం కలుస్తుంది. ఏ చిప్పైనా సరే వైఫై బోర్డుని దానితో పాటు ఒకే డబ్బాలో మూసి పెట్టొద్దు, ఆ బోర్డు నిత్యం వేడెక్కుతూనే ఉంటుంది, దాన్ని షీల్డ్ బయట ఇంకో డబ్బాలో పెట్టి మధ్యలో వైరు నడపండి. నిమిషానికోసారి రీడింగ్ తీస్తే చాలు, ఆపకుండా తీస్తే సెన్సరే వేడెక్కుతుంది.

లెక్క సరిచూడటానికి ఐస్ పద్ధతి పాతదే, కానీ శ్రద్ధగా చేస్తేనే పనిచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ గడ్డ కట్టించి, గుడ్డలో చుట్టి మెత్తగా నలగ్గొట్టి, ఫ్లాస్క్ నిండా నింపి, సందులు పూడేంత వరకే చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోయండి, ఐస్ ముక్కలు నీళ్ళ మీద తేలుతున్నాయంటే నీళ్ళు ఎక్కువైనట్టు. స్టీల్ గొట్టంలో ఉండే డీఎస్18బీ20 లాంటిది అందులో మధ్యకి దించి, అడుక్కీ గోడకీ తగలకుండా పావుగంట ఉంచి మధ్యమధ్యలో కలుపుతూ చూడండి, రీడింగ్ కదలకుండా నిలబడిన చోట అది 0 నుంచి ఎంత దూరంలో ఉందో అదే దాని తప్పు. కానీ మనకి కావాల్సింది 40 దగ్గర లెక్క. అందుకని ఇంకో ఫ్లాస్క్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, సర్టిఫికెట్ ఉన్న ఒక మంచి థర్మామీటర్‌ని, మన సెన్సర్‌ని పక్కపక్కన పెట్టి 45 నుంచి 30 దాకా చల్లారుతుంటే రెండూ రాస్కుంటూ పోండి. తేమ కొలిచే బోర్డుల్ని నీళ్ళల్లో ముంచకూడదు కదా, వాటిని నీడలో టేబుల్ ఫ్యాన్ గాలికి ఆ మంచి థర్మామీటర్ పక్కన కట్టి పోల్చండి.

తేమకి ఉప్పు పరీక్ష ఉంది. చిన్న గిన్నెలో ఉప్పు పోసి తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్ళు కలిపి, గాలి చొరని డబ్బాలో ఆ గిన్నె, సెన్సర్ రెండూ పెట్టి మూసేసి రాత్రంతా ఒకే టెంపరేచర్ ఉండే చోట వదిలెయ్యండి, ఉప్పు సెన్సర్‌కి తగలకూడదు. పొద్దున్నకి అది 75 శాతం చూపించాలి, 81 చూపిస్తే 6 ఎక్కువ అని రాస్కుని సాఫ్ట్‌వేర్‌లో సరిచెయ్యండి. చవక సెన్సర్లు రెండు మూడేళ్ళకి తేమ ఎక్కువ చూపించడం మామూలే.

తేమ లేకుండా వేడి లెక్క సగమే

రెండు మధ్యాహ్నాలు ఊహించుకోండి, ఒకరోజు 40 డిగ్రీలు, తేమ 20 శాతం, ఇంకోరోజు 34 డిగ్రీలే, తేమ 60 శాతం. మొదటి దానికి హీట్ ఇండెక్స్, అంటే తేమ కూడా కలిపి ఒంటికి ఎంత వేడిగా అనిపిస్తుందో చెప్పే లెక్క, కడితే 39 వస్తుంది, రెండో దానికి 42. అంటే మ్యాక్స్ టెంపరేచర్ మాత్రమే రాస్కునేవాళ్ళ డైరీలో రెండో రోజు చల్లటి రోజు, ఒంటికి మాత్రం అదే ఎక్కువ కష్టం, చెమట పడుతుంది కానీ ఆరదు. హీట్ ఇండెక్స్ రాబర్ట్ స్టెడ్‌మన్ 1979లో వేసిన లెక్క మీద నడుస్తుంది, అది నీడలో, చిన్న గాలిలో ఉన్న మనిషి కోసం, నేరుగా ఎండలో ఉంటే దాని మీద ఇంకో 8 డిగ్రీల దాకా కలవొచ్చని అమెరికా వాతావరణ శాఖే చెప్తుంది.

రోజూ చూస్కోవడానికి శాతం కంటే డ్యూ పాయింట్ మంచిది, అంటే గాలి ఎంతకి చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో ఆ టెంపరేచర్. గాలిలో నీటి ఆవిరి మారకపోయినా పొద్దున 85 శాతం ఉన్న తేమ మధ్యాహ్నానికి 40కి పడిపోతుంది, టెంపరేచర్ పెరగడం వల్లే, దాన్ని చూసి గాలి పొడిబారిందనుకుంటాం. డ్యూ పాయింట్ అయితే అంత ఊగదు, పై ఉదాహరణల్లో మొదటి రోజుది 13, రెండో రోజుది 25, ఉక్కపోత ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది.

వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ గాలికి చూపించే టెంపరేచర్) కూడా ఒక కాలమ్ పెట్టండి, టెంపరేచర్, తేమ ఉంటే 2011లో రోలండ్ స్టల్ ఇచ్చిన ఫార్ములాతో స్ప్రెడ్‌షీట్‌లోనే వస్తుంది, ఆ రెండు రోజులకీ అది సుమారు 23, 27.5. వెట్ బల్బ్ 35 దాటితే ఎంత ఆరోగ్యవంతుడైనా గంటల్లో ప్రాణం మీదికొస్తుందని లెక్క ప్రకారం చెప్పేవాళ్ళు, 2022లో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని ఛాంబర్‌లో ఉంచి చూస్తే తేమ ఎక్కువున్న వేడిలో 30, 31 దగ్గరే ఒంటి టెంపరేచర్ అదుపు తప్పి పెరగడం మొదలైంది. కాబట్టి మీ కాలమ్‌లో 28 దాటిందంటే అది చూసి ఊరుకునే నంబర్ కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ గదిలో ఉన్నారో చూడాల్సిన నంబర్.

ఎండలో పనిచేసేవాళ్ళ కోసం డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అని ఇంకోటుంది, సహజంగా ఆరే వెట్ బల్బ్‌కి 0.7, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటర్‌కి 0.2, గాలి టెంపరేచర్‌కి 0.1 వంతు ఇచ్చి కలుపుతారు. ఇందులో ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. గోళం తయారు చెయ్యడం ఆసక్తి ఉన్నవాళ్ళకి మంచి పని, మొదటి ఏడాదికి అక్కర్లేదు.

రాత్రి

నన్నడిగితే వేసవి అసలు కథ రాత్రిలో ఉంటుంది, మ్యాక్స్ (రోజులో అత్యధికం) అందరూ చూస్తారు, మిన్ (అత్యల్పం) ఎవరూ చూడరు. పగలు ఎంత కాలినా రాత్రి బాగా దిగితే ఒళ్ళు కోలుకుంటుంది, ఇల్లు చల్లబడుతుంది, అది 30 దగ్గరే ఆగిపోతే మర్నాడు పొద్దున్నే అలసటతో మొదలవుతుంది. ఇంటి స్టేషన్లకి ఇక్కడే పెద్ద పాత్ర ఉంది. అధికారిక స్టేషన్ చాలాచోట్ల ఎయిర్‌పోర్టులో ఖాళీ మైదానం మధ్య ఉంటుంది, ఇరుకు వీధుల్లో రాత్రి ఎంత వేడి నిలిచిపోతుందో దానికి తెలీదు. పట్నం చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉంటుందని, ముఖ్యంగా రాత్రిపూట అని కొలిచి చూపించింది ల్యూక్ హోవర్డ్, 1800ల మొదట్లో లండన్‌లో మందులు తయారు చేసే వ్యాపారి, వాతావరణం ఆయన ఉద్యోగం కాదు. మబ్బులకి ఇప్పుడు వాడుతున్న పేర్లు పెట్టింది కూడా ఆయనే. లండన్ రాత్రులు ఊరి బయటికంటే 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువని ఆయన లెక్క.

రాత్రి పూట ఇంకో సౌకర్యం ఏంటంటే ఎండ ఉండదు కాబట్టి షీల్డ్ వల్ల వచ్చే పెద్ద తప్పు పోతుంది. ఆకాశం పూర్తిగా తేటగా ఉండి గాలి లేకపోతే షీల్డ్ తనే చల్లబడి కొంచెం తక్కువ చూపించొచ్చు, అంతే. రోజూ మూడు సంగతులు రాస్కోండి: మిన్ ఎంత, ఎన్నింటికి వచ్చింది, రాత్రి పదికి ఎంత ఉంది. మామూలుగా మిన్ సూర్యోదయం దగ్గర వస్తుంది, అర్ధరాత్రి వచ్చి తర్వాత పెరిగిందంటే మబ్బులు కమ్మాయో గాలి మళ్ళిందో అయ్యుంటుంది, అది కూడా రాయండి.

సెట్టింగులు, పోల్చుకోవడం

లాగింగ్, అంటే రీడింగులు రాసిపెట్టడం, 5 నిమిషాలకోసారి పెట్టండి, మ్యాక్స్, మిన్ మాత్రం ఒక నిమిషం సగటు మీద తీసేలా చూస్కోండి, ప్రపంచ వాతావరణ సంస్థ సలహా కూడా ఒక నిమిషం సగటే. ఎలక్ట్రానిక్ సెన్సర్ చాలా చురుకు, ఒక్క సెకను వేడి గాలి తగిలినా పట్టేస్తుంది. రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఒకటే పద్ధతి పెట్టుకోండి, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి అయితే అదే ఎప్పటికీ. గడియారం నెలకోసారి సరిచూడండి, కరెంటు పోయొచ్చాక కొన్ని స్టేషన్ల డిస్‌ప్లే డబ్బాలు టైమ్ మర్చిపోతాయి. డేటాని కంపెనీ క్లౌడ్‌లో మాత్రమే వదిలెయ్యకండి, సర్వీస్ ఆగిపోయిన రోజు అన్నీ పోతాయి. వీవెక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడుస్తుంది, చాలా స్టేషన్లతో పనిచేస్తుంది, అక్కడినుంచే ఇళ్ళ స్టేషన్ల రీడింగులు చూపించే వెదర్ అండర్‌గ్రౌండ్ వెబ్‌సైట్‌కీ, మామూలు జనం రీడింగులు సేకరించే సీడబ్ల్యూఓపీ అనే కార్యక్రమానికీ పంపిస్తుంది, సీడబ్ల్యూఓపీ వాళ్ళు పక్క స్టేషన్లతో పోల్చి మీది ఎంత తేడాగా ఉందో గ్రాఫ్ కూడా ఇస్తారు, అది చాలా పనికొస్తుంది.

దగ్గర్లో ఉన్న ఎయిర్‌పోర్ట్ రీడింగ్‌తో పోల్చేటప్పుడు అవి పూర్తి డిగ్రీల్లోకి గుండ్రం చేసి ఇస్తారని గుర్తుంచుకోండి, 0.3 తేడాకి కంగారు అక్కర్లేదు. ఎత్తు కూడా చూడండి, పొడి ఎండ మధ్యాహ్నం 100 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. పోల్చడానికి బెస్ట్ టైమ్ మబ్బు పట్టి గాలి గట్టిగా వీచే రాత్రి, అప్పుడు గాలి బాగా కలిసిపోయి ఊరంతా దాదాపు ఒకే టెంపరేచర్ ఉంటుంది, అప్పుడూ మీది డిగ్రీన్నర ఎక్కువుంటే అది సెన్సర్ లెక్క తప్పు. అలాంటి రాత్రి సరిగ్గా కలిసి, తేట మధ్యాహ్నం మాత్రమే ఎక్కువ చూపిస్తే అది చోటుదో షీల్డ్‌దో తప్పు. ఈ రెండూ విడదీయగలిగితే మిగతాదంతా సులువు.

ఎప్పుడూ చూడనంత పెద్ద మ్యాక్స్ వచ్చిన రోజు, సంతోషపడే ముందు దానికి ముందూ వెనకా 10 నిమిషాల రీడింగులు తీయండి. 43.1, 43.4, 46.8, 43.3 అని ఉంటే మధ్యలోది గాలి కాదు. 44.6, 44.9, 45.0, 44.8 అని నిలకడగా ఉండి, చుట్టుపక్కల స్టేషన్లలో కూడా ఆ రోజు ఎక్కువే ఉంటే అప్పుడు నమ్మండి. అనుమానం ఉన్న రీడింగ్‌ని డిలీట్ చెయ్యొద్దు, పక్కన గుర్తు పెట్టి ఉంచండి, కారణం తర్వాతెప్పుడో దొరకొచ్చు.

వేసవి మొత్తానికి లెక్క కట్టేటప్పుడు అత్యధికం ఎంత అన్నదొక్కటే చాలా తక్కువ చెప్తుంది. 40 పైన ఎన్ని గంటలు గడిచాయి, మిన్ 28 కిందికి దిగని రాత్రులు వరసగా ఎన్నొచ్చాయి, డ్యూ పాయింట్ 25 దాటిన రోజులెన్ని, ఇలా అడగండి, హద్దులు మీ ప్రాంతానికి తగ్గట్టు మీరే పెట్టుకోండి, పెట్టాక మాత్రం మార్చొద్దు. మామూలు కంటే ఎంత ఎక్కువ అని చెప్పాలంటే 30 ఏళ్ళ సగటు కావాలి, అది మన దగ్గర ఉండదు కాబట్టి దగ్గరి అధికారిక స్టేషన్‌కి ఇచ్చిన 1991-2020 సగటుని ఆసరాగా తీస్కోండి, మన స్టేషన్‌కీ దానికీ ఉన్న తేడా ముందే తెలిసుంటేనే.

వేసవికి ముందు, మధ్యలో

ఎండలు మొదలయ్యే ముందు షీల్డ్ విప్పి సబ్బు నీళ్ళతో కడగండి, దుమ్ము పట్టిన ప్లేట్ ఎండని ఎక్కువ పీలుస్తుంది, పసుపు రంగుకి తిరిగితే మార్చెయ్యండి. ప్లేట్ల మధ్య సాలీడు గూళ్ళు, కందిరీగల తుట్టెలు గాలిని ఆపేస్తాయి, చెయ్యి పెట్టే ముందు చూస్కోండి. ఆల్కలైన్ బ్యాటరీలు వేడికి కారిపోతాయి, లిథియం వెయ్యండి. డాబా మీద పనులన్నీ పొద్దున్నే ముగించండి, మధ్యాహ్నం నిచ్చెన ఎక్కొద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని స్టేషన్ పెట్టిన రోజు నాలుగు దిక్కులా ఫోటోలు తీసి, ఎత్తు, గోడకి దూరం, సెన్సర్ మోడల్ రాయండి. పక్క ఖాళీ స్థలంలో బిల్డింగ్ లేచినా, చెట్టు కొట్టేసినా, వీధికి సిమెంట్ వేసినా తేదీతో సహా రాయండి, లేకపోతే కొన్నేళ్ళకి గ్రాఫ్‌లో కనిపించే ఒక డిగ్రీ పెరుగుదల వాతావరణానిదో కొత్త గోడదో ఎవరూ చెప్పలేరు. సెన్సర్ పాడైపోయేదాకా ఆగి మార్చడం కంటే, పాతది పనిచేస్తుండగానే కొత్తది దాని పక్కనే కట్టి, మంచి ఎండలున్న ఒక నెలంతా రెండిటినీ కలిపి నడపండి. పగటి తేడా ఎంత, రాత్రి తేడా ఎంత అని విడివిడిగా సగటు తీసి నోట్‌బుక్‌లో ఆ తేదీ కింద రాసి, అప్పుడు పాతదాన్ని దించండి.